అందుబాటు ధరలో బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను ఎలా ఎంచుకోవాలి?

టెక్సాస్‌లో స్థిరపడిన మన తెలుగువారిలో రేంజ్‌లో (కాల్పుల సాధన మైదానంలో) గురి కాల్చడం మీద, నవంబరులో మొదలయ్యే తెల్లతోక జింకల వేట మీద ఆసక్తి ఉన్నవారు కొందరున్నారు. అలాంటి వారికి మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకు బోల్ట్ అనే పిడిని చేత్తో తిప్పి లాగి మూసేది) కొనేటప్పుడు తోడుగా చాలాసార్లు వెళ్లాను. కొన్నాక గురి కుదరడం లేదంటూ తెచ్చి చూపించిన రైఫిళ్లను అంతకంటే ఎక్కువసార్లు చూశాను. వాటిలో తయారీ లోపం ఉన్నవి అరుదు. కొన్న మనిషి ఒంటి కొలతకు రైఫిల్ సరిపోకపోవడమే తరచుగా అసలు కారణం. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక, ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో ఉంటున్నవారికి ఉద్దేశించినది.

ధర అడగడానికి ముందు మీ అర్హత చూసుకోండి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ చేతిలో ఉండటం ఆ చట్టమే ఇచ్చిన కొద్ది మినహాయింపులలో ఒకటి. టెక్సాస్ వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి, దాన్ని తిరిగి తీసుకోవడం మరచినవారు సెప్టెంబరు 1న ఇంట్లో ఉన్న రైఫిల్‌తోనే చట్టాన్ని ఉల్లంఘించినవారవుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఏమాత్రం సందేహం ఉన్నా న్యాయవాదిని అడిగిన తరువాతే దుకాణానికి వెళ్లాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు టెక్సాస్‌లో వేటాడాలంటే వేట శిక్షణ కోర్సు కూడా పూర్తి చేయాలి.

తరువాత డబ్బు. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్, మాస్‌బర్గ్ పేట్రియట్, ఈ మూడూ సుమారు 400 నుంచి 600 డాలర్ల మధ్య దొరుకుతాయి. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ ధర ఇంకా పైన ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏది కొన్నా వంద గజాల దూరంలో సాధారణంగా అంగుళంన్నర లోపు గ్రూప్ (వరుసగా కాల్చిన తూటాలు పడిన చోట్ల మధ్య దూరం) వస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది కనుక, వేటకు అంతకు మించిన కచ్చితత్వం అవసరం లేదు. మీ దగ్గర ఉన్న మొత్తంలో సగం మాత్రమే రైఫిల్‌కు పెట్టి, మిగిలిన సగాన్ని స్కోప్‌కు (గురి చూసే దుర్బిణికి), దాన్ని బిగించే రింగులకు, తూటాలకు, చెవి రక్షణకు, తాళం వేసే పెట్టెకు ఉంచండి. స్కోప్ 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే, ముందు కటకం 40 మిల్లీమీటర్లు ఉన్నది) చాలు.

ఇక తూటా. మొదటి రైఫిల్‌ను 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా రకంలోనే కొనాలి. 1952 నుంచి ఉన్న .308 విన్‌చెస్టర్ మంచిది కాదని నేను అనను. దాని బ్యారెల్ (గొట్టం) ఎక్కువ కాలం మన్నుతుంది, తూటాలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. అయితే ఏడు పౌన్ల తేలికపాటి రైఫిల్‌లో దాని తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ) 6.5 క్రీడ్‌మూర్ కంటే గట్టిగా ఉండి కొత్తవారిని బెదరగొడుతుంది. ఒకసారి బెదరిన భుజం, ట్రిగ్గర్ నొక్కడానికి ముందే కళ్లు మూసుకునే అలవాటును నేర్చుకుంటుంది. ఆ అలవాటును వదిలించడానికి నెలలు పడుతుంది. నా మిత్రుడొకరు దుకాణంలో ఎవరో చెప్పిన మాట మీద ఇంకా గట్టిగా తన్నే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొని, రెండో పెట్టె తూటాలు పూర్తి కాకుండానే కాల్చడం మానుకున్నారు. చవకగా దొరికే .223 సాధనకు బాగున్నా, జింకల వేటకు వర్జీనియాలో .23 క్యాలిబర్ (అంగుళాల్లో తూటా వ్యాసం) కంటే తక్కువ ఉన్నవి, కొలరాడోలో .24 కంటే తక్కువ ఉన్నవి పనికిరావు. రేపు ఉద్యోగం మారి మరో రాష్ట్రానికి వెళితే ఆ రైఫిల్ సాధనకే పరిమితమవుతుంది.

ఇప్పుడు అందరూ పాడుచేసే దశ, అంటే రైఫిల్ మీ ఒంటి కొలతకు సరిపోతుందో చూసే దశ దగ్గరకు వచ్చాం. దీనికి కనీసం ఒక గంట కేటాయించండి. దుకాణంలోని మనిషి తొందరపెడితే మరో దుకాణానికి వెళ్లండి.

రైఫిల్‌ను భుజానికి ఎత్తే ముందు అనుమతి అడగండి, బోల్ట్ తెరచి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకోండి, గొట్టం మూతి మనుషులు లేని దిక్కున ఉండేలా నిలబడండి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచండి. వేటకు వేసుకునే కోటునే ఆ రోజు వేసుకుని వెళ్లండి; మందపాటి కోటు స్టాక్ (పట్టుకుని భుజానికి ఆనించే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం) పొడవును అర అంగుళం పెంచినంత పని చేస్తుంది.

మొదట చూడవలసినది స్టాక్ పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి మడమ (భుజానికి ఆనే స్టాక్ వెనుక కొస) చివరి వరకు ఉన్న దూరం. చాలా కంపెనీ రైఫిళ్లలో ఇది పదమూడున్నర, పదమూడుముప్పావు అంగుళాల మధ్య ఉంటుంది. అయిదున్నర అడుగుల ఎత్తున్న మనవారిలో చాలామందికి అది ఎక్కువ. మడమను మోచేతి మడతలో ఆనించి వేలు ట్రిగ్గర్‌కు అందుతోందో లేదో చూడమని దుకాణాల్లో చెబుతారు. ఆ పద్ధతిని నేను నమ్మను, ఎందుకంటే చేయి ఎంత పొడవుందో అది చెబుతుంది గానీ మెడ, భుజం, ముఖం ఎలా ఉన్నాయో చెప్పదు. దానికి బదులు రైఫిల్‌ను భుజానికి ఆనించి, చెంపను సహజంగా వాల్చి, ట్రిగ్గర్ చేతి బొటనవేలి కణుపుకు, ముక్కుకు మధ్య ఎంత ఖాళీ ఉందో చూడండి. రెండు మూడు వేళ్ల మందం ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే, స్కోప్ కోసం మెడ చాచవలసి వస్తుంది. పొట్టి స్టాక్ ఉన్న కాంపాక్ట్ నమూనా అడగండి.

రెండవది చెంప ఎత్తు. స్కోప్ బిగించిన రైఫిల్‌ను కళ్లు మూసుకుని భుజానికి తెచ్చి, చెంపను ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా, అంచుల్లో నల్లని నీడ లేకుండా కనిపించాలి. నీడ కనిపించిన వెంటనే తలను కదిపి సరిచేసుకుంటాం; అక్కడే పరీక్ష తప్పినట్టు, ఎందుకంటే జింక ముందు నిలబడినప్పుడు అలా సరిచేసుకునే సమయం ఉండదు. తక్కువ ధర రైఫిళ్లలో చెంప ఆనే అంచు కిందికి ఉండటం వల్ల చాలామందికి చెంపకు బదులు గడ్డం ఆనుతుంది. పొట్టి రింగులు వేసినా కుదరకపోతే, స్టాక్ మీద తొడిగే చెంప దిండు కొద్ది డాలర్లలో ఈ లోపాన్ని సరిచేస్తుంది. ఈ పరీక్షను అయిదుసార్లు చేయండి, మధ్యలో రైఫిల్‌ను బల్ల మీద పెట్టి చేతులు దులుపుకోండి. ఒక్కసారి కుదిరితే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

మూడవది, చెంప ఎత్తకుండా బోల్ట్ తిప్పి లాగి మళ్లీ మూయగలగాలి. ఎడమచేతివాటం వారు ఎడమవైపు బోల్ట్ ఉన్న నమూనానే కొనాలి. ఆ తరువాత వీలైతే నేల మీద బోర్లా పడుకుని చూడండి: పడుకున్నప్పుడు తల ముందుకు జరుగుతుంది, కన్ను స్కోప్‌కు దగ్గరవుతుంది. నిలబడి సరిచూసుకున్న స్కోప్‌తో పడుకుని కాల్చినవారి కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారపు గాయాన్ని ఒకసారి చూశాక, స్కోప్‌ను పడుకునే భంగిమకే అమర్చి బిగించాలని నేను పట్టుబడుతున్నాను.

కొలత కుదిరిన రైఫిల్‌కు మిగిలిన పరీక్షలు త్వరగా అయిపోతాయి. ఒక డాలరు నోటును బ్యారెల్‌కు, ముందు స్టాక్‌కు మధ్య దూర్చి లాగండి. స్టాక్‌ను చేత్తో కొంచెం పైకి నొక్కినప్పుడు కూడా నోటు స్వేచ్ఛగా కదలాలి. ప్లాస్టిక్ స్టాక్ వంగి బ్యారెల్‌ను తాకితే గ్రూప్ చెదురుతుంది. అనుమతి ఉంటేనే ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కి చూడండి; రూగర్ అమెరికన్‌లో దీన్ని మూడు నుంచి అయిదు పౌన్ల వరకు సర్దుకోవచ్చు. చెక్క స్టాక్ చూడటానికి అందంగా ఉంటుంది గానీ తేమకు ఉబ్బుతుంది, కాబట్టి మొదటి రైఫిల్‌కు వద్దు.

ఇంటికి తెచ్చాక మూడు వేర్వేరు కంపెనీల తూటాలు ఒక్కో పెట్టె తీసుకుని, రేంజ్‌లో వంద గజాల దూరంలో ఒక్కో రకానికి అయిదేసి తూటాలు కాల్చండి. మూడేసి కాల్చి ఆపవద్దు, మూడింటితో అదృష్టం కూడా మంచి గ్రూప్ చూపిస్తుంది. బ్యారెల్ వేడెక్కితే చల్లారేదాకా ఆగండి. బాగా కుదిరిన తూటా పేరు, బరువు, స్కోప్ గురి సరిచేసే మరను ఎన్ని క్లిక్‌లు తిప్పారో చిన్న పుస్తకంలో రాసుకుని, ఆ తూటాలే మరో అయిదు పెట్టెలు కొనిపెట్టుకోండి.