పొలంలో సోలార్ బ్యాటరీ పాడవకుండా

కరెంటు లైను లేని పొలంలో సోలార్ మొరాయిస్తే తప్పు ప్యానెళ్లది కావడం తక్కువ. ముందు బ్యాటరీని చూడండి. మోటారును పగలే నేరుగా ప్యానెళ్ల మీద నడిపి ట్యాంకు నింపుకోండి. కరెంటు దాచుకోవడం కంటే నీళ్లు దాచుకోవడం చవక. బ్యాటరీని లైట్లకీ కరెంటు కంచెకీ ఉంచండి.

నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకమైతే, లోడూ ఛార్జింగూ ఆపి కొన్ని గంటలయ్యాక మీటరు పెట్టండి. 12 వోల్టుల బ్యాటరీలో 12.7 చూపిస్తే నిండినట్టు, 12.2 అంటే దాదాపు సగం. రోజూ అంతకంటే కిందికి దించి, మళ్లీ నిండా ఎక్కించకపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి ఛార్జి నిలవదు.

నెలకోసారి మూతలు తీసి చూడండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు, బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ వాయువు అంటుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పూర్తిగా ఛార్జి అయ్యాకే పోయండి. ముందే నిండా పోస్తే ఛార్జింగులో యాసిడ్ పొంగి పోతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయాలి. యాసిడ్ కలపొద్దు.

టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పట్టిందా? కనెక్షన్ తీసి, వంటసోడా నీళ్లతో తోమి, ఆరబెట్టి, గట్టిగా బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. సోడా నీళ్లు సెల్లులోకి పోకుండా మూతలు మూసే కడగండి.

పాత బ్యాటరీకి కొత్తది జతచేయకండి, పాతది కొత్తదాన్నీ లాగేస్తుంది.