హెచ్‌టీఎంఎల్ ఫైలులో తెలుగు లైన్లను ఏరుకునే చిట్కా

వరంగల్ ఏనుమాముల మార్కెట్ ధరలున్న వెబ్ పేజీని దాచుకుని, ఆ ఫైలు తెరిచారనుకోండి. పైనుంచి కిందిదాకా ట్యాగులే, అంటే < > గుర్తుల మధ్య రాసిన పేజీ ఆదేశాలే. అందులో చపాటా మిర్చి ధర వెతకాలంటే కళ్లు కాయలు కాస్తాయి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే మాటకు బదులు అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి, ఈ పనిని చిటికెలో చేస్తుంది.

ముందు ఫైలుకు నకలు తీసుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఎడిటర్‌లో 'మార్క్' తెరిచి, బుక్‌మార్క్ లైన్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రెండూ ఎంచుకుని [అ-హ] అని ఇవ్వండి. తెలుగు అక్షరమున్న ప్రతి లైనుకూ గుర్తు పడుతుంది. ధర వేరే లైనులో ఉంటే [అ-హ]|>[0-9] వాడండి. ట్యాగు ముగియగానే అంకె వచ్చే లైన్లు కూడా దొరుకుతాయి. తర్వాత బుక్‌మార్క్ మెనూలో గుర్తులేని లైన్లను తొలగించండి.

మిగిలిన ట్యాగుల కోసం <[^>]*> వెతికి, ఖాళీతో మార్చండి. చాలామంది <.*> రాస్తారు, దయచేసి అది వద్దు. లైనులోని మొదటి < నుంచి చివరి > వరకు, మధ్యలోని ధరతో సహా తుడిచిపెట్టేస్తుంది.

తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 'మార్కెట్‌లో' వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మార్కెట్.?లో అని వెతికితే రెండు రకాలూ చిక్కుతాయి.

ఒక్క లైనూ దొరకకపోతే ఫైలులో &#3093; లాంటి అంకెలున్నాయేమో చూడండి. అది 'క' అక్షరమే. అలాంటప్పుడు [అ-హ] బదులు &#3[01][0-9][0-9]; వాడండి.