డిశ్చార్జ్ బుక్ చదువుదాం, సరిచేసుకుందాం – 3వ పాఠం: రాయని పతకం, ఎక్కని కోర్సు

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. డిశ్చార్జ్ బుక్ (సైన్యం నుంచి రిటైరయ్యేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం) పక్కన పెట్టుకుని, ఒక తెల్లకాగితం మీద సర్వీసంతా ఏడాది వారీగా రాయమన్నాను: ఏ యూనిట్, ఏ ప్రాంతం, ఏ నెల నుంచి ఏ నెల దాకా, అప్పటి సీఓ సాబ్ (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) ఎవరు. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది. రాయనివారు ముందు అది పూర్తిచేసి రండి.

భర్త తరఫునో, తండ్రి తరఫునో చదువుతున్నవారికి ఇది కష్టమైన పనేనని నాకు తెలుసు. ఇంట్లో పాత ఉత్తరాలుంటే తీయండి. పంపినవారి చిరునామాలో ఆర్మీ నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అనో ‘కేరాఫ్ 99 ఏపీఓ’ అనో ఉంటుంది. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. 99 అంటే ఈశాన్యం వైపు ఉన్నారని అర్థం. ఉత్తరం మీది తేదీ, యూనిట్ పేరు కలిస్తే ఆ ఏడాది గడి నిండినట్టే. మిగిలిన ఖాళీలకు ఆయనతో పనిచేసినవాళ్ళకి ఫోన్ చెయ్యండి. రేపు సాక్ష్యం కావలసి వచ్చినా వాళ్ళే దిక్కు. కాబట్టి ఈ ఫోన్లు వాయిదా వెయ్యకండి.

పుస్తకంలో లేకపోతే ఎక్కడ చూడాలి

మన దగ్గరున్న డిశ్చార్జ్ బుక్ పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. పొలం వివరాలు అందులో ఉంటాయి గానీ, తప్పు దొర్లితే చూడాల్సింది రెవెన్యూ రికార్డునే. మన విషయంలో ఆ అసలు రికార్డు పేరు షీట్ రోల్. అది రికార్డ్ ఆఫీసులో ఉంటుంది. జవాను చేరిన రోజు నుంచి ఇంటికొచ్చే రోజు దాకా జరిగినవన్నీ అందులోకి ఎక్కుతాయి.

ఎలా ఎక్కుతాయి? పార్ట్ టూ ఆర్డర్ ద్వారా. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా, కోర్సు పూర్తయినా, పతకానికి అర్హత వచ్చినా యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ వెలువరించాలి. దాని నంబరు, తేదీ పట్టుకుని రికార్డ్స్‌లో నమోదు చేస్తారు. పతకం రిబ్బను ఛాతీ మీద పదేళ్ళు పెట్టుకుని తిరిగినా, పార్ట్ టూ ఆర్డర్ లేకపోతే కాగితాల లెక్కలో ఆ పతకం లేనట్టే.

అందుకే “నా పతకం ఇప్పించండి” అని మొదలుపెట్టే ఉత్తరం చాలాసార్లు ఎక్కడికీ చేరదు. ముందు తేల్చుకోవాల్సింది లోపం ఎక్కడ జరిగిందన్నది. పార్ట్ టూ ఆర్డర్ వెలువడి, షీట్ రోల్‌లో ఎక్కి, రిటైరయ్యేటప్పుడు పుస్తకం రాసిన క్లర్కు చేతిలో మాత్రమే జారిపోయిందా? ఇది తేలిగ్గా దిద్దుకునే రకం. ఆర్డర్ వెలువడి షీట్ రోల్‌లో ఎక్కలేదా? ఆ ఆర్డర్ నంబరు దొరికితే చాలు. అసలు ఆర్డరే వెలువడలేదా? అప్పుడు అర్హతను మొదటినుంచి రుజువు చెయ్యాలి. ఈ మూడిటికీ రాసే ఉత్తరాలు వేరు, జతచేసే కాగితాలు వేరు, పట్టే కాలం వేరు.

లోపాలు ఎక్కువగా ఎక్కడ దొర్లుతాయో ఆఫీసు పని చేసినవాడిగా చెబుతాను. యూనిట్ పతకం క్లెయిమ్ తయారుచేసే వేళకి జవాను వేరే చోటికి పోస్టింగ్ మీద వెళ్ళిపోయి ఉంటాడు. పాత యూనిట్ కొత్త యూనిట్ రాస్తుందనుకుంటుంది, కొత్త యూనిట్ పాత యూనిట్ రాసేసిందనుకుంటుంది. రాష్ట్రీయ రైఫిల్స్‌కి (వేరే యూనిట్ల నుంచి డిప్యుటేషన్ మీద పంపే బలగం) వెళ్ళొచ్చినవాళ్ళ విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇంకొకటి, నాయబ్ సుబేదార్ అయ్యాక నంబరు మారి ‘జేసీ’తో మొదలవుతుంది, పాత నంబరు మీద వెలువడిన ఆర్డర్లు ఒక్కోసారి అక్కడే ఉండిపోతాయి. మీరు జేసీఓగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే నాయబ్ సుబేదార్, ఆపై ర్యాంకులు) రిటైరై ఉంటే రాసే ప్రతి ఉత్తరంలోనూ రెండు నంబర్లూ ఇవ్వండి. నంబరు చివరి ఇంగ్లీషు అక్షరాన్ని వదలకండి.

మీకు ఏవి రావాలో లెక్క చూసుకోండి

ఇప్పుడు సర్వీసు కాగితం ముందుకు తీయండి. కొన్ని పతకాలకు తేదీ ఒక్కటి చూస్తే సరిపోతుంది. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య 25వ వార్షికోత్సవ పతకం. 1997 ఆగస్టు 15న ఉన్నవారికి 50వది. 2022 ఆగస్టు 15న ఉన్నవారికి 75వది. 9 ఏళ్ళు నిండితే ఒక లాంగ్ సర్వీస్ మెడల్, 20 ఏళ్ళకి ఇంకొకటి, 30 ఏళ్ళకి మరొకటి. వీటిలో లోపం ఉంటే రుజువు చెయ్యడం కూడా సులువే. మీరు చేరిన తేదీ, వచ్చిన తేదీ రికార్డ్స్ దగ్గరే ఉన్నాయి కదా.

ఒక తికమక ఇక్కడే తీర్చుకోండి. లాంగ్ సర్వీస్ అండ్ గుడ్ కాండక్ట్ మెడల్, మెరిటోరియస్ సర్వీస్ మెడల్ అనేవి వేరు. అవి ఎంపికతో ఇచ్చేవి, ఏళ్ళు నిండగానే అందరికీ వచ్చేవి కావు. వాటిని ‘నమోదు కాని పతకాలు’ అని అడిగితే తిరస్కరిస్తారు. ఆ తిరస్కారంతో పాటు మిగతా న్యాయమైన కోరిక కూడా మూలనపడుతుంది.

ఇంకో రకం పతకాలకు తేదీతో పాటు చోటు కూడా కావాలి. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పడమటి రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్. వాటితో పాటు సంగ్రామ్ మెడల్ ఉంది. 1999 కార్గిల్‌కి సంబంధించి ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ అని రెండున్నాయి: పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవారికి స్టార్, ఆ ఆపరేషన్ కోసం కదిలిన మిగతా బలగాలకు మెడల్. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక సరిహద్దుకి కదిలినవారికి ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. 9,000 అడుగులకు పైన 180 రోజులు ఉన్నవారికి హై ఆల్టిట్యూడ్ మెడల్. సియాచిన్‌కి వేరే పతకం. వీటికి ‘నేను వెళ్ళాను’ అనే మాట చాలదు. ఆ రోజుల్లో మీ యూనిట్ అక్కడుందనీ, మీరు ఆ యూనిట్ బలంలో (సిబ్బంది లెక్కలో) ఉన్నారనీ రెండూ తేలాలి. సెలవు మీద ఇంట్లో ఉన్నా, కోర్సు మీద వేరే ఊళ్ళో ఉన్నా రోజుల లెక్క మారిపోతుంది.

ఇక్కడ అన్నిటికంటే గట్టిగా పనిచేసే సాక్ష్యం ఒకటుంది. అదే కాలంలో, అదే యూనిట్‌లో, వీలైతే అదే కంపెనీలో పనిచేసిన సహసైనికుడి డిశ్చార్జ్ బుక్‌లో పతకాల పేజీ. ఆయన పుస్తకంలో ఉండి మీ పుస్తకంలో లేకపోతే రికార్డ్స్‌కి వెతకడానికి ఒక కొస దొరుకుతుంది. ఆయన్ని అడిగి, ఆయన సమ్మతితోనే నకలు తీసుకోండి. కుటుంబ వివరాల పేజీలు అక్కర్లేదు. గ్రూపు ఫొటోలు, మూవ్‌మెంట్ ఆర్డర్లు, సెలవు సర్టిఫికెట్లు కూడా పనికొస్తాయి.

పతకం నమోదు కావడం, పతకం చేతికి రావడం కూడా రెండు వేరువేరు పనులు. పుస్తకంలో ఎంట్రీ ఉండి పతకం అందనివారు చాలామంది. వాళ్ళలో కొందరు కంటోన్మెంటు బజారులో నమూనా కొని పెట్టుకుని సరిపెట్టుకుంటారు. మీ హక్కు పతకం మీద మీ నంబరు, పేరు చెక్కి ఉంటాయి. ఎంట్రీ ఉండి పతకం రాకపోతే దిద్దుబాటు అడగకండి. ‘పతకం జారీ కాలేదు, ఇప్పించండి’ అని మాత్రమే రాయండి.

రికార్డు దిద్దుబాటుతో రానివి

ఈ మాట చెప్పడం నాకూ బరువుగానే ఉంది, కానీ చెప్పకపోతే మీ ఏళ్ళు వృథా అవుతాయి. సాహస పురస్కారానికి అప్పట్లో సిఫారసు జరగకపోతే, లేదా జరిగి ఆమోదం రాకపోతే, రికార్డు దిద్దమని అడిగి దాన్ని తెచ్చుకోలేం. దిద్దుబాటు అంటే ఇచ్చినదాన్ని కాగితం మీద ఎక్కించడం. ఇవ్వాల్సి ఉండీ ఇవ్వలేదన్నది వేరే వాదన.

ఇచ్చిన సేనా మెడల్ పుస్తకంలో లేకపోతే మాత్రం కేసు చాలా బలంగా ఉంటుంది. జనవరి 26నో, ఆగస్టు 15నో ప్రకటించిన పురస్కారాలు భారత గెజిట్‌లో అచ్చవుతాయి. ఆ ఏడాది గెజిట్ పేజీ తీసి జతచేస్తే కాదనడానికి ఏమీ ఉండదు. సైన్యాధిపతి, ఆర్మీ కమాండర్ ఇచ్చే కమెండేషన్ కార్డులను మాత్రం గెజిట్‌లో వెతకకండి. వాటికి కార్డే సాక్ష్యం. ఆ కార్డుని లామినేషన్ చేయించకుండా అలాగే దాచండి.

కోర్సులు: డబ్బుకి నేరుగా ముడిపడినవి

పతకం లేకపోతే మనసు నొచ్చుకుంటుంది. కోర్సు లేకపోతే జీతం, పెన్షన్, రెండో ఉద్యోగం మూడూ దెబ్బతినొచ్చు. అయినా జనం పతకాల గురించే ఎక్కువ అడుగుతారు, కోర్సుల పేజీ తిరగేసి చూసేవాళ్ళు తక్కువ.

సాంకేతిక ట్రేడుల్లో పనిచేసినవారు ప్రత్యేకంగా గమనించండి. 7వ పే కమిషన్ తరవాత ఎక్స్ గ్రూప్ పే (ఈ ట్రేడుల వారికి జీతంతో పాటు ఇచ్చేది) రెండు రేట్లయింది: సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ గుర్తించిన డిప్లొమాకు సమానమైన అర్హత ఉన్నవారికి నెలకు 6,200 రూపాయలు, మిగతా ఎక్స్ గ్రూప్ వారికి 3,600. ఆ అర్హత ఇచ్చిన శిక్షణ షీట్ రోల్‌లో లేకపోతే ఏ రేటుకి లెక్క కట్టారో ఊహించండి. ఇక రెండో ఉద్యోగం. 15 ఏళ్ళ సర్వీసు చేసి, పదో తరగతి గానీ సైన్యం ఇచ్చే స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ గానీ ఉన్న మాజీ సైనికుణ్ణి, డిగ్రీ అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హుడిగా చూస్తారు, సాంకేతిక అర్హత తప్పనిసరి కాని చోట్ల. ఆ విద్యా సర్టిఫికెట్ పుస్తకంలో ఎక్కకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

కోర్సు రుజువు చెయ్యడం పతకం కంటే సూటిగా సాగుతుంది. కోర్సు సర్టిఫికెట్ ఉంటే అదే చాలు. పోయినా కంగారుపడకండి. ఏ స్కూలు, కోర్సు పేరు, నెల, సంవత్సరం రాసి పంపండి. కోర్సు నుంచి తిరిగొచ్చాక గ్రేడింగ్‌తో పార్ట్ టూ ఆర్డర్ వెలువడి ఉండాలి కాబట్టి రికార్డ్స్ వాళ్ళు ఆ నెలల ఆర్డర్లు వెతకొచ్చు. యూనిట్ లోపల జరిగిన కేడర్లు (చిన్న శిక్షణలు), వారం రోజుల రిఫ్రెషర్లు మాత్రం జాబితాలో పెట్టకండి. అవి పెడితే అసలు కోర్సు కనబడకుండా పోతుంది.

ఉత్తరం

ముందు చిరునామా సరిచూసుకోండి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్), ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్) వారి రికార్డ్స్ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీకి నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంటుకి వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుకి బెంగళూరు, ఏఎంసీకి (ఆర్మీ మెడికల్ కోర్) లక్నో. వైమానిక దళం వారికి ఢిల్లీ సుబ్రతో పార్క్, నేవీ సెయిలర్లకు ముంబై మాన్‌ఖుర్ద్.

ఉత్తరం ఇంగ్లీషులోనో హిందీలోనో పంపాలి. విషయం మాత్రం ఇలా ఉండాలి:

“1. ఆర్మీ నంబర్ ……, ర్యాంకు ……, పేరు ……. …… తేదీన చేరి …… తేదీన రిటైరయ్యాను. చివరి యూనిట్ …….

2. 15 ఆగస్టు 1997న నేను …… యూనిట్‌లో సర్వీసులో ఉన్నాను. 50వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం నా డిశ్చార్జ్ బుక్‌లో నమోదు కాలేదు.

3. …… నుంచి …… వరకు …… స్కూల్లో …… కోర్సు పూర్తిచేశాను. సర్టిఫికెట్ నకలు జతచేశాను. ఇది కూడా నమోదు కాలేదు.

4. పై రెండూ నా షీట్ రోల్‌లో ఉంటే పార్ట్ టూ ఆర్డర్ నంబరు, తేదీ తెలిపి డిశ్చార్జ్ బుక్‌లో చేర్చవలసిందిగా, లేకపోతే పార్ట్ టూ ఆర్డర్ వెలువరించడానికి చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.”

నాలుగో పేరానే ఈ ఉత్తరానికి ప్రాణం. అందులో అడిగినది క్లర్కు రిజిస్టరు తెరిచి చూడగలిగే విషయం, కాబట్టి జవాబు రాయడం కూడా తేలిక. దేశం కోసం పడ్డ కష్టం గురించి మీరు పేజీలు రాయగలరు, అందులో ప్రతి అక్షరం నిజమే అవుతుంది. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషికి కావలసింది నంబరు, తేదీ, యూనిట్.

మొదటి ఉత్తరంతో అసలు పుస్తకం పంపకండి. ప్రతి పేజీకీ నకలు తీసి దాచాక, వాళ్ళు రాతపూర్వకంగా అడిగితేనే పంపండి. స్పీడ్ పోస్ట్ రసీదు భద్రం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే వాళ్ళ దగ్గర కూడా ఒక కాపీ ఉంటుంది. వయసు మీద పడినవారికి, వితంతువులకు ఈ దారే మంచిదని నా అభిప్రాయం.

జవాబు రాకపోతే సమాచార హక్కు కింద షీట్ రోల్ నకలు అడగండి. రుసుము 10 రూపాయల పోస్టల్ ఆర్డర్, నకలు పేజీకి 2 రూపాయలు, గడువు 30 రోజులు. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్లో కూడా వెయ్యొచ్చు. భార్య అడుగుతున్నట్టయితే పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డర్) నకలు జతచెయ్యాలి. దాని తరవాతి మెట్టు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, అంటే సైనికుల సర్వీసు కేసులు వినే న్యాయస్థానం. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్ళాలి, ఈ తేదీని మరవకండి.

పెన్షన్ లేకుండా చిన్న సర్వీసుతో వచ్చినవారికి తొందర మరీ ఎక్కువ. వారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ళ తరవాత నాశనం చేస్తారు. ఆ తరవాత రికార్డ్స్‌లో మిగిలేది లాంగ్ రోల్ ఒక్కటే. అందులో చేరిన తేదీ, వెళ్ళిన తేదీ లాంటి ముఖ్య వివరాలు తప్ప కోర్సుల కథ ఉండదు. మీకు 23వ ఏడో 24వ ఏడో నడుస్తుంటే ఈ పాఠంలో మిగతావన్నీ పక్కన పెట్టి, ఈ వారమే ఆర్టీఐ వెయ్యండి.

ఈసారి పని

సర్వీసు కాగితం మీద మూడు రంగుల పెన్నులతో గుర్తులు పెట్టండి: తేదీతోనే తేలే పతకాలకు ఒక రంగు, తేదీ, చోటు రెండూ కావలసిన పతకాలకు ఒకటి, కోర్సులకు ఒకటి. ప్రతి గుర్తు పక్కన మీ దగ్గరున్న సాక్ష్యం పేరు రాయండి. సాక్ష్యం లేని చోట ఎవరికి ఫోన్ చెయ్యాలో రాయండి. తరవాత మొదటి రంగులో ఉన్న ఒక్క పతకానికి మాత్రం పై నమూనాలో ఉత్తరం తయారుచేసి పోస్టు చెయ్యండి. 4వ పాఠంలో రికార్డ్స్ నుంచి వచ్చే జవాబులను ఎలా చదవాలో, ‘రికార్డు అందుబాటులో లేదు’ అని వస్తే ఏం రాయాలో చూద్దాం.