బొమ్మ కిరాణా కొట్టు – 4వ పాఠం: సరుకు సర్దడం

గోడలు నిలబడ్డాయి, గోడ కాగితం అతికింది, కౌంటరు బల్లకు వేసిన రంగు ఆరింది. ఇక్కడిదాకా కిట్‌లో వచ్చిన సూచనల కాగితమే మనల్ని నడిపించింది. నంబరు చూసి ముక్క తీశాం, బొమ్మ చూసి అతికించాం. ఈ పాఠం నుంచి ఆ కాగితం మనకు పనికిరాదు. ఈ కిట్లు తయారుచేసేవాళ్లు ఎక్కువగా కేఫ్, బేకరీ, పూల షాపు, పుస్తకాల షాపు లాంటివే ఎంచుకుంటారు. పెట్టెలో సరుకు కూడా దానికి తగ్గట్టే వస్తుంది: కేకులు, కాఫీ కప్పులు, గులాబీలు. మనం కట్టేది వీధి చివరి కిరాణా కొట్టు. కాబట్టి చెక్క కిట్‌ది, సరుకు మనది. కేకులు పారేయకండి, పిల్లలకిచ్చేయండి.

మన కొలత 1:12 అని మొదటి పాఠంలోనే అనుకున్నాం. అంటే నిజం కొట్టులో అడుగు, మన కొట్టులో అంగుళం. 1:24 కిట్ కొన్నవాళ్లు ఇక్కడ చెప్పే ప్రతి కొలతనూ సగం చేసుకోండి. పప్పుల దగ్గర మాత్రం అలా కుదరదు. అక్కడ మీకు విడిగా చెబుతాను.

ఒక జాగ్రత్త: అరల చట్రాన్ని గోడకు ఇంకా అతికించకండి. వచ్చే పాఠంలో బల్బు వైరు దాని వెనక నుంచి పోవాలి. పైగా సరుకు సర్దేటప్పుడు అరలు బయట బల్ల మీదుంటేనే చేతులు ఆడతాయి. పెట్టెలోకి చెయ్యి దూర్చి పట్టకారుతో సబ్బులు పేర్చాలంటే ఒకటి పెట్టేసరికి నాలుగు పడతాయి.

కొట్టతను ఎక్కడ కూర్చుంటాడు?

సరుకు చేయడానికి ముందే ఇది తేల్చుకోవాలి. చూడ్డానికి బాగున్నా నమ్మబుద్ధి కాని బొమ్మ కొట్లలో దాదాపు ఎప్పుడూ ఒకటే లోపం ఉంటుంది. సరుకంతా చూసేవాళ్ల కోసం సర్ది ఉంటుంది, అమ్మేవాడి కోసం కాదు. అసలు కొట్టులో మాత్రం ఏది ఎక్కడుండాలో తేల్చేది కొట్టతని చెయ్యి. రోజుకు ఇరవైసార్లు అమ్ముడయ్యేది లేవకుండా అందాలి. వారానికి ఒకసారి అడిగేది అటక మీదున్నా పర్లేదు.

కాబట్టి అట్టముక్కతో ఒక మనిషిని కత్తిరించండి. అయిదున్నర అడుగుల మనిషంటే అయిదున్నర అంగుళాలు, అంటే 14 సెంటీమీటర్లు. ముక్కూ మొహం అక్కర్లేదు, ఇది కొలతబద్ద మాత్రమే. కౌంటరు వెనక స్టూలు ఎక్కడ వేస్తారో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, దాని మీద 8 సెంటీమీటర్ల ఎత్తున భుజం ఉంటుందనుకోండి. ఆ ఎత్తు నుంచి 5 సెంటీమీటర్ల దారం పట్టుకుని చుట్టూ తిప్పండి. దారం కొస తగిలినంత మేర కూర్చున్న మనిషికి అందుతుంది. అక్కడ అగ్గిపెట్టెలు, టీ పొడి, సబ్బులు, బిస్కెట్లు, చాక్లెట్ల సీసాలు రావాలి. గల్లా పెట్టె అయితే అతని ఒళ్లోనే ఉన్నట్టుండాలి.

నిలబడితే అందే అరల్లో కిలో ప్యాకెట్లు, ఉప్పు, పిండి, నూనె ప్యాకెట్లు పెట్టండి. కింద నేల మీద బరువైనవన్నీ: గోనె సంచులు, నూనె టిన్నులు, బెల్లం. అన్నిటికన్నా పైన చీపుర్ల కట్ట, కొబ్బరి తాడు, ఖాళీ అట్టపెట్టెలు. ఈ నాలుగు చోట్లూ పెన్సిల్‌తో గీసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఏం చేయాలో, ఎన్ని చేయాలో వాటంతట అవే తెలుస్తాయి.

బియ్యం బదులు బియ్యం వేస్తే

బొమ్మల కొలువులో కిరాణా కొట్టు శెట్టిగారు, ఆయన భార్య, వాళ్ల ముందు చిన్న చిన్న రాశులుగా పోసిన నిజం పప్పులు చాలామంది చూసే ఉంటారు. కొలువులో అది శుభం, పైగా బొమ్మలు పెద్దవి కాబట్టి కంటికి ఇబ్బంది అనిపించదు. మన కొలతలో మాత్రం అది కుదరదు. బియ్యం గింజ 6 మిల్లీమీటర్లు ఉంటే, మన కొట్టులో దాని పొడవు 7 సెంటీమీటర్లున్నట్టు లెక్క. అరటిపళ్లు పోసినట్టుంటుంది.

ప్రతి గింజకూ పన్నెండో వంతు గింజ వెతకాలి. మన వంటింట్లోనే చాలా దొరుకుతాయి. బియ్యానికి బొంబాయి రవ్వ. రవ్వ పలుకు అర మిల్లీమీటరు ఉంటుంది, పన్నెండు రెట్లు చేస్తే 6 మిల్లీమీటర్లు, అచ్చంగా బియ్యం గింజే. కాబూలీ శనగలకు గసగసాలు. వాటికే ఎర్రటి గోధుమరంగు పూస్తే వేరుశనగ గుళ్లు. ఆవాలు ఇంకో కొలతలోకి వెళ్లిపోతాయి. రెండు మిల్లీమీటర్ల ఆవగింజ ఇక్కడ అంగుళం కాయ అవుతుంది. ముదురు రంగువి ఏరి సంచిలో పోస్తే కుంకుడుకాయలు. నన్నడిగితే ఈ కొట్టు మొత్తంలో తక్కువ శ్రమతో ఎక్కువ మెప్పు తెచ్చేది ఆ కుంకుడుకాయల సంచే.

కందిపప్పు, పెసరపప్పు, మినపప్పులకు రవ్వకు రంగు వేద్దామనుకుంటారు. వద్దు. నీళ్ల రంగు తగిలితే రవ్వ ఉబ్బి ముద్దవుతుంది. పసుపు కలిపితే రంగు బాగానే వస్తుంది కానీ వెలుతురుకు కొన్నాళ్లకే వెలిసిపోతుంది. సన్న ఇసుక తెచ్చి, కడిగి ఆరబెట్టి, టీ వడకట్టే జాలీతో జల్లించండి. కిందికి దిగిన ఇసుకలో కొన్ని చుక్కలు అక్రిలిక్ రంగు వేసి, ప్లాస్టిక్ మూతలో పుల్లతో తిప్పి, కాగితం మీద పరిచి ఆరనివ్వండి. గడ్డ కడితే వేళ్లతో నలిపితే విడిపోతుంది. ఒకే పసుపు కాకుండా రెండు ఛాయలు చేసి కలిపితే పప్పులా కనిపిస్తుంది.

1:24 వాళ్లకు రవ్వ కూడా పెద్దదే. మీరు రాతి ముగ్గు వాడుకోండి. పప్పులకు అదే ముగ్గులో రంగు కలపండి. పంచదారకు, మైదాకు ఎవరికైనా ముగ్గే సరి.

ఎండు మిరపకాయలు మాత్రం గింజలతో రావు. లావుపాటి ఎర్ర కుట్టు దారాన్ని ఫెవికాల్‌లో తడిపి, వేళ్ల మధ్య మెలిపెట్టి ఆరనివ్వండి. గట్టిపడ్డాక 6 లేదా 7 మిల్లీమీటర్ల ముక్కలుగా ఏటవాలుగా కత్తిరించండి. ఇది విసుగు పుట్టించే పని, టీవీ చూస్తూ చేసుకోవచ్చు.

గోనె సంచి

50 కిలోల గోనె సంచి పరిచి కొలిస్తే పొడవు సుమారు 94, వెడల్పు 57 సెంటీమీటర్లు. మన లెక్కలో 78, 47 మిల్లీమీటర్లు. జనపనార గుడ్డ తెచ్చి కుడితే మోటుగా ఉంటుంది, దాని పోగులు మన కొలతకు తాళ్లంత లావు. పాత పంచె గుడ్డ తీసుకుని చిక్కటి టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టండి. ఇస్త్రీ చేయొద్దు, ముడతలు మనకు కావాలి. కుట్టడానికి బదులు అంచులను ఫెవికాల్‌తో అతికించి తిరగేయండి.

లోపలంతా గింజలు పోయకండి. మూడొంతులు దూది కూరి, పైన గుండ్రంగా కోసిన అట్టముక్క పెట్టండి. అట్ట మధ్యలో ఎత్తుగా ఉండేలా కింద ఇంకాస్త దూది నెట్టండి, రాశి పోసినట్టుంటుంది. దాని మీద ఫెవికాల్ పూసి గింజలు చల్లి, వేలితో అదిమి, వదులుగా ఉన్నవి దులిపేయండి. ఆరాక సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను చుక్కలుగా వదలండి. తెల్లగా కనిపించినా ఆరితే పారదర్శకం అవుతుంది. రవ్వ, గసగసాలు వాడినచోట ఈ పూత మానకండి, లేకపోతే పురుగు పడుతుంది, చీమలు ముందే వస్తాయి. చివరగా సంచి మూతిని బయటికి రెండు మడతలు మడిచి, సంచిని బల్ల మీద రెండుసార్లు గట్టిగా కొట్టండి. అడుగు చదునై, పొట్ట పక్కలకు వస్తుంది. నిలువుగా, సన్నగా నిలబడ్డ సంచి చూడగానే ఖాళీదని తెలిసిపోతుంది.

సంచుల పక్కన నూనె టిన్ను. నలుచదరపు 15 కిలోల టిన్నుకు 20 మిల్లీమీటర్ల చదరం, 29 ఎత్తు. కిట్ చట్రంలో మిగిలిన ప్లైవుడ్ ముక్కలను కలిపి అతికించి, సాండ్ పేపర్‌తో నున్నగా చేసి వెండి రంగు వేస్తే చాలు. అనకాపల్లి బెల్లం దిమ్మకు ఎం-సీల్ ముద్ద వాడండి, వెడల్పు 2 సెంటీమీటర్లు మించకుండా. ఒక పక్క సూదితో పెళ్లగించి, రాలిన ముక్కలు దాని చుట్టూ వదిలేయండి. కొట్టులో చెక్కుచెదరని బెల్లం దిమ్మ ఉండదు.

ప్యాకెట్లు

ఇంట్లో ఉన్న సబ్బు పెట్టె, టీ పొడి ప్యాకెట్, ఉప్పు ప్యాకెట్ తీసి, ఎదురుగా ఫోన్ పెట్టి ఫొటో తీయండి. వాటి అసలు కొలతలను పన్నెండుతో భాగించి ఆ సైజుకు కుదించి ఒకే పేజీలో పేర్చుకోండి. 9 సెంటీమీటర్ల సబ్బు పెట్టె ఏడున్నర మిల్లీమీటర్లవుతుంది. దీన్ని లేజర్ కలర్ జిరాక్స్ తీయించండి. ఇంక్‌జెట్ ప్రింట్ అయితే ఫెవికాల్ తడి తగలగానే రంగు పాకుతుంది.

ఫొటో పేపరు వద్దు, మామూలు పల్చటి కాగితమే అడగండి. పావు మిల్లీమీటరు మందం అట్ట ఇక్కడ 3 మిల్లీమీటర్ల పలక, మడిస్తే అంచులు పగిలి తెల్లగా కనిపిస్తాయి. పల్చటి కాగితానికైనా కోసిన అంచులకు అదే రంగు స్కెచ్ పెన్ను ఒకసారి తగిలించండి. పెట్టెల్లోపల చెక్కముక్క పెడితే మూలలు నిటారుగా నిలుస్తాయి. ఉప్పు, పప్పుల ప్యాకెట్లకు మాత్రం లోపల దూదే, అవి పొట్టతో ఉండాలి.

షాంపూ ప్యాకెట్ల వరసలకు ఇంత కష్టం అక్కర్లేదు. మెరిసే పత్రిక కాగితం 5 మిల్లీమీటర్ల వెడల్పున పట్టీలుగా కోసి, ప్రతి 6 మిల్లీమీటర్లకు కట్టర్ వీపుతో ఒక గీత నొక్కండి. అక్షరాలు కనిపించకపోయినా ఎవరూ అడగరు. కొట్టు ముందు వాసానికి పది, పన్నెండు వేలాడదీయండి. పైకప్పు అతుకు దగ్గర ఏదైనా సందు ఉంటే వాటి వెనక దాగిపోతుంది, అదో లాభం.

సీసాలు

చాక్లెట్ల సీసాలకు పారదర్శకంగా ఉండే బాల్ పెన్ను గొట్టాన్ని 18 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయండి. మూతకు ఎర్ర అట్ట బిళ్ల. చాలామంది ఇంజెక్షన్ సీసాలు దాస్తారు కానీ వాటిలో మామూలుది 35 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే మన కొలతలో మోకాలి దాకా వచ్చే జాడీ. ఆవకాయ జాడీగా వాడుకోండి, చాక్లెట్లకు వద్దు. పారదర్శకమైన ప్లాస్టిక్ దగ్గర ఫెవిక్విక్ తీయకండి, దాని ఆవిరికి చుట్టూ తెల్లటి పొర కమ్ముతుంది, తుడిస్తే పోదు.

నూనె సీసాల్లో నిజం నూనె పోద్దామా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇంగ్లండ్‌లో విండ్సర్ కోటలో క్వీన్ మేరీ బొమ్మల ఇల్లుంది. 1924లో పూర్తయింది, మన కొలతే, 1:12. ఢిల్లీ రాష్ట్రపతి భవన్ డిజైన్ చేసిన ఎడ్విన్ లుటియెన్సే దానికీ ఆర్కిటెక్టు. దాని నేలమాళిగలో సీసాల్లో నిజం వైనే నింపారు. రాణిగారి ఇంటికి చెల్లింది. మన ఎండలకు నూనె మూతల సందుల్లోంచి పాకి చెక్కంతా మరక చేస్తుంది. సీసా లోపలివైపు లేత పసుపు గ్లాస్ పెయింట్ పూయడం మేలు.

అరల్లోకి

ముందు వరసకు మాత్రమే ప్యాకెట్లు చేయండి. వెనక థర్మాకోల్ దిమ్మకు ముదురు రంగు వేసి ఉంచితే అర నిండినట్టే ఉంటుంది. ఇందాక దారం తిప్పిన మేరలో ఒకట్రెండు చోట్ల ఖాళీ వదలండి, ఆ ఖాళీ పక్క ప్యాకెట్‌ను కాస్త ఒరగనివ్వండి. ఎక్కువ అమ్ముడయ్యే చోటే సందులు పడతాయి. పై అరలో సందు పెడితే తప్పుగా కనిపిస్తుంది, అక్కడ సరుకు కదలదు, దుమ్ము పడుతుంది. ఆ దుమ్ము కావాలంటే బూడిదరంగు చాక్‌పీస్ పొడిని బ్రష్‌తో రాయండి.

మొదట అన్నిటినీ అతికించకుండానే సర్ది, కొట్టు ఎదురుగా బొమ్మ మనిషి కళ్ల ఎత్తులో ఫోన్ పెట్టి ఫొటో తీయండి. కంటికి తెలియని కొలత తేడా ఫొటోలో వెంటనే బయటపడుతుంది. ఏదైనా మరీ పెద్దదిగా అనిపిస్తే మొహమాటపడకుండా తీసేయండి, ఎంత కష్టపడి చేసినా సరే. సరిపోయాక ఫెవికాల్‌తో ఖాయం చేయండి. మార్చాలనుకునేవాటికి తేనెమైనం చిన్న ముక్క నలిపి అడుగున పెట్టొచ్చు, కానీ మే నెలలో అది మెత్తబడి జారుతుంది. నిలువు గోడ మీద, వేలాడే వాటికి పనికిరాదు.

గల్లా పెట్టె పైన లక్ష్మీదేవి పటం, ఒకటిన్నర అంగుళం ఎత్తు. పక్కన క్యాలెండరు. "అప్పు రేపు" అట్టను అక్షరాలు కాస్త వంకరగా, చేత్తోనే రాయండి, ప్రింట్ తీస్తే చెడుతుంది. నిమ్మకాయ, మిరపకాయల దండ ఇప్పుడే కట్టకండి, షట్టరు పెట్టాక గుమ్మానికి కడదాం.

వచ్చే పాఠానికి 3 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు ఒకటి, రెండు పెన్సిల్ సెల్లులు పట్టే స్విచ్ పెట్టె ఒకటి, బోర్డు రాయడానికి సన్న బ్రష్ తెచ్చుకోండి. కొట్టుకు పేరు కూడా ఆలోచించుకోండి. అక్షరాలు ఎన్నయితే బోర్డు అంత పొడుగు.