సెల్స్ పెరగడం లేదా? సీరం మార్చే ముందు ఇవి చూడండి

"సార్, సెల్స్ పెరగట్లేదు" అని వచ్చే ప్రాజెక్టు విద్యార్థులు చాలావరకు అప్పటికే తీర్పు ఇచ్చేసి ఉంటారు: తప్పు సీరందే (కణాల మీడియంలో కలిపే ఎద్దు రక్తపు ద్రవం). కొత్త లాట్‌కు ఇండెంటు పెట్టేసి, అది వచ్చేదాకా పని ఆపి కూర్చుంటారు. ఇంక్యుబేటర్ వెనక ఉన్న గ్యాస్ సిలిండర్ వైపు మాత్రం ఎవరూ చూసి ఉండరు.

హీలా, ఎంసీఎఫ్-7, హెప్-జీ2 లాంటి, ఫ్లాస్కు అడుగుకు అతుక్కుని పెరిగే క్యాన్సర్ కణాలతో (ఇలా ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే ఒక్కో రకాన్ని లైను అంటాం) పనిచేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. హుడ్‌లో (శుభ్రమైన గాలి వీచే పెట్టె) పని, పాసేజ్ చేయడం (నిండిన ఫ్లాస్కు నుంచి కొన్ని కణాలను కొత్తదానికి మార్చడం), కణాలు లెక్కపెట్టడం వచ్చనే అనుకుంటున్నా.

మీడియం రంగు మారింది

మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, ఫినాల్ రెడ్ అనే రంగు వేసేది అందం కోసం కాదు. పీహెచ్ 7.4 దగ్గర ఎర్రగా ఉంటుంది, 6.8 కిందికి దిగితే పసుపు, 8 దాటితే ముదురు గులాబీ. ఫ్లాస్కు తీయగానే ముందు రంగు చూడండి, తర్వాతే మైక్రోస్కోప్ కింద పెట్టండి.

గులాబీ రంగులోకి వెళ్లిందంటే కార్బన్ డయాక్సైడ్ అందడం లేదు. మీడియంలోని బైకార్బనేట్‌కు ఇంక్యుబేటర్‌లోని 5 శాతం గ్యాస్ తోడైతేనే పీహెచ్ నిలబడుతుంది. గ్యాస్ ఆగితే మీడియం క్షారం వైపు జరిగిపోతుంది, కణాలు విభజన ఆపేస్తాయి. ఇక్కడ ప్రతిసారీ వినే మాట ఒకటుంది: "సిలిండర్ ఫుల్లుగానే ఉంది సార్, మీటర్ చూశా." ఆ మీటరే మోసం. సిలిండర్ లోపల కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం ఆఖరి చుక్క దాకా ఆవిరవుతూనే ఉంటుంది కాబట్టి, ఏసీ గదిలో ముల్లు దాదాపు 60 బార్ దగ్గర కదలకుండా నిలబడుతుంది. ద్రవం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. శుక్రవారం సాయంత్రం నిండుగా కనిపించిన సిలిండర్ సోమవారం పొద్దున్నకి ఖాళీ. ముల్లు చూడకండి, సిలిండర్ తూచండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ దగ్గరే చెక్కి ఉంటుంది.

సిలిండర్‌లో గ్యాస్ ఉన్నా గులాబీగానే ఉంటే రెండు చూడాలి. ఫిల్టర్ లేని మూతను బిగించేశారా? అయితే అరచుట్టు వదులు చేయండి. ఇంక్యుబేటర్ తెర మీద 5.0 అని ఉన్నా లోపల నిజంగా అంత ఉందా? కొన్ని పాత సెన్సర్ల రీడింగు తేమతో పాటు మారిపోతుంది, నీళ్ల ట్రే ఎండిపోతే తప్పు చూపిస్తాయి. ట్రే నింపి, విడిగా చేతి మీటరుతో ఒకసారి కొలవండి.

పసుపు అయితే, కణాలు కిక్కిరిసి ఉంటే అది జబ్బే కాదు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా గ్లూకోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. ఒట్టో వార్‌బర్గ్ 1920ల్లోనే గమనించిన సంగతి ఇది. పాసేజ్ చేయండి, సరిపోతుంది. కణాలు పలచగా ఉండి, మీడియం పసుపుగా, మబ్బుగా ఉంటే బ్యాక్టీరియా. దాన్ని కాపాడాలని చూడకండి. బ్లీచ్ పోసి అరగంట ఉంచి పారబోయండి.

కణాలు గుండ్రంగా లేచిపోయాయి

గుండ్రంగా కనిపించిన ప్రతి కణమూ చచ్చినది కాదు. విభజన మొదలైనప్పుడు కణం లోపలి అస్థిపంజరం మళ్లీ అమరుతుంది, అడుగుతో పట్టు సడలుతుంది, కణం మెరిసే బంతిలా లేస్తుంది. సుమారు 24 గంటలకు ఒకసారి రెట్టింపయ్యే హీలాలో ఏ సమయంలో చూసినా అలాంటివి కొన్ని ఉంటాయి. జాగ్రత్తగా చూస్తే కొన్నిటి మధ్యలో క్రోమోజోములు బారుతీరిన గీత కూడా కనిపిస్తుంది. మంచి కల్చర్‌కు అదే గుర్తు. అనుమానం ఉంటే ట్రిపాన్ బ్లూ అనే రంగు వేయండి. బతికున్న కణం పొర దాన్ని లోపలికి రానివ్వదు, చచ్చినది నీలంగా మారుతుంది.

పాసేజ్ చేసిన మర్నాటికి సగం కణాలు తేలుతుంటే ట్రిప్సిన్‌లో (కణాలను అడుగు నుంచి ఊడదీసే ఎంజైము) ఎక్కువసేపు ఉంచారన్నమాట. ట్రిప్సిన్ పొర మీది ప్రొటీన్లను కోసేస్తుంది, అతుక్కోవడానికి కావలసినవి కూడా అవే. మరోవైపు, పది నిమిషాలైనా కణాలు ఊడి రాకపోతే ట్రిప్సిన్ పాడైందనుకోకండి. ట్రిప్సిన్‌ను అడ్డుకునే సీరం మిగిలి ఉంది. పీబీఎస్‌తో (కణాలు కడిగే ఉప్పు ద్రావణం) సరిగ్గా కడగలేదు. కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ వాడండి, రెండుసార్లు కడగండి.

అసలు ఒక్క కణమూ అతుక్కోలేదా? పెట్రీ డిష్ తీసి చూడండి. అది బ్యాక్టీరియా కోసం వాడే మామూలు ప్లాస్టిక్ అయి ఉంటుంది. స్టోర్‌లో రెండూ ఒకే అరలో పెడితే జరిగేది ఇదే.

కొన్నాళ్లు బాగా పెరిగి ఆగిపోయాయి

ముందు మీరు పెంచుతున్నవి ఏ కణాలో చెప్పండి. చర్మం నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులనే మామూలు కణాలైతే, పక్కపక్కన తాకేంత దగ్గరగా చేరగానే ఆగిపోవడం వాటి స్వభావం. క్యాన్సర్ కణాలకు ఆ అదుపు ఉండదు, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. మామూలు కణాలకు ఆయుష్షు కూడా ఉంటుంది. మనిషి ఫైబ్రోబ్లాస్టులు దాదాపు 40 నుంచి 60 సార్లు రెట్టింపై ఆగుతాయని హేఫ్లిక్, మూర్‌హెడ్ 1961లో చూపించారు. ప్రతి విభజనకూ క్రోమోజోముల కొసలు అరుగుతాయి. చాలా క్యాన్సర్లు టెలోమరేజ్ ఎంజైమును మళ్లీ మేల్కొలిపి ఆ అరుగుదలను తప్పించుకుంటాయి. కాబట్టి ఫైబ్రోబ్లాస్టు ఆగితే ఫ్రీజ్ చేసి దాచిన కొత్త వయల్ తీయండి. హీలా ఆగిందంటే మాత్రం అది వయసు కాదు, వేరే ఏదో ఉంది. కింద చదవండి.

అన్నీ బాగానే ఉన్నాయి, కానీ ఏదో తేడాగా ఉంది

మీడియం తేటగా ఉంది. మైక్రోస్కోప్‌లో ఏమీ కదలడం లేదు. కానీ మూడు రోజుల్లో నిండే ఫ్లాస్కుకు అయిదు రోజులు పడుతోంది. పోయిన నెల వచ్చిన ఎంటీటీ (బతికున్న కణాలను రంగు మార్పుతో కొలిచే పరీక్ష) గ్రాఫు ఈ నెల రావడం లేదు. ట్రాన్స్‌ఫెక్షన్ (కణాల్లోకి బయటి డీఎన్ఏ ఎక్కించడం) ఒకవారం బాగుంటుంది, మరోవారం ఉండదు. సీరం పెంచితే కాస్త నయమైనట్టు అనిపిస్తుంది. ఈ కథ ఎవరు చెప్పినా నా నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? జవాబు దాదాపు ఎప్పుడూ మౌనమే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దీన్ని పట్టలేకపోవడానికి మాత్రం కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. మైకోప్లాస్మా బ్యాక్టీరియాయే, కానీ కణకవచం లేనిది. పరిమాణం 0.3 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, మన ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్‌కు అందదు. గట్టి కవచం లేదు కాబట్టి వంగి, సన్నబడి 0.22 మైక్రాన్ల ఫిల్టర్ నుంచీ జారిపోగలదు. మిల్లీలీటరుకు కోటి దాటినా మీడియం మబ్బుగా మారదు. పెనిసిలిన్ దెబ్బకొట్టేది కవచం తయారీని. ఇక్కడ ఆ కవచమే లేదు. స్ట్రెప్టోమైసిన్‌కు కూడా చాలా రకాలు లొంగవు. అంటే మీరు రోజూ కలిపే పెన్-స్ట్రెప్ (ఈ రెండు మందుల మిశ్రమం) మామూలు బ్యాక్టీరియాను ఆపి, మీ చేతిపని శుభ్రంగా ఉందన్న భ్రమను మాత్రం మిగులుస్తుంది. నన్నడిగితే రోజువారీ కల్చర్‌లో దాన్ని మానేయడమే మేలు. తప్పు జరిగితే మీడియమే మబ్బుగా మారి వెంటనే చెబుతుంది.

ఇది కణం పొరకు అతుక్కుని దాని తిండి తింటుంది. చాలా జాతులు ఆర్జినైన్‌ను మింగేస్తాయి, దాంతో కణం విభజన నెమ్మదిస్తుంది. న్యూక్లియోటైడ్లు లాగేసుకుంటాయి, క్రోమోజోములు విరిగేలా కూడా చేస్తాయి. క్యాన్సర్ మందుల మీద పనిచేసేవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. మైకోప్లాస్మా హయోరైనిస్ అనే జాతిలో జెమ్‌సిటబిన్ అనే క్యాన్సర్ మందును విరిచేసే ఎంజైము ఉంది. కణాల దాకా చేరకముందే మందు పనికిరాకుండా పోతుంది. మీరేమో "మందుకు లొంగని లైను తయారైంది" అని సంబరపడుతుంటారు. ఎంటీటీని కూడా మైకోప్లాస్మా తనంతట తానే రంగు మార్చగలదు కాబట్టి ఆ లెక్కనూ నమ్మలేం.

ఎక్కడి నుంచి వస్తుంది? మనిషి నోటి నుంచి ఒరాలే, ఫెర్మెంటాన్స్ జాతులు. ఎద్దు సీరం నుంచి ఆర్జినినై, అకోలెప్లాస్మా లైడ్‌లావియై. పంది ట్రిప్సిన్ నుంచి హయోరైనిస్. పుస్తకాల్లో ఇలా ఉంటుంది. నా అనుభవంలో పెద్ద దారి వేరే: పక్క ల్యాబ్ స్నేహితుడు "చాలా బాగా పెరుగుతున్నాయి, తీసుకో" అని ఇచ్చిన ఫ్లాస్కు. అలా వచ్చిన ఒక్క ఫ్లాస్కు మా ఇంక్యుబేటర్‌లో ఉన్న ప్రతి లైనునూ తినేసింది. హుడ్‌లో పైపెట్ చేసేటప్పుడు లేచే సన్నటి తుంపర, అందరూ వాడే మీడియం సీసా, ఇవి చాలు. ఆ మధ్యలో ఫ్రీజ్ చేసిన వయల్సూ పోయినట్టే, ఎందుకంటే మైనస్ 196 డిగ్రీల నత్రజనిలో అది హాయిగా బతుకుతుంది.

పరీక్ష కష్టమేం కాదు. యాంటీబయోటిక్ లేకుండా కనీసం ఒక వారం పెంచండి, లేకపోతే ఉన్నది కూడా తగ్గి కనిపించదు. కణాలు దాదాపు నిండిన ఫ్లాస్కు నుంచి, రెండు మూడు రోజులుగా మార్చని మీడియం తీసుకోండి. నిన్న మార్చిన మీడియంతో పరీక్ష చేసి "నెగటివ్" అనేవాళ్లు ఎందరో.

ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోప్ ఉంటే కవర్‌స్లిప్ మీద కణాలు పెంచి డాపి (డీఎన్ఏకు అంటుకుని నీలంగా వెలిగే రంగు) వేయండి. కేంద్రకం నీలంగా వెలగాలి, చుట్టూ సైటోప్లాజం చీకటిగా ఉండాలి. సైటోప్లాజం మీద, పొర అంచుల వెంట సన్నటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తే అనుమానించండి. చనిపోయిన కణాల ముక్కలు కూడా ఇలాగే మోసం చేస్తాయి కాబట్టి, పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కను లక్షల రెట్లు పెంచి చూసే పరీక్ష) ఖాయం చేసుకోండి. బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువు మీద పనిచేసే ప్రైమర్లు (వెతికే చిన్న డీఎన్ఏ ముక్కలు) చాలా జాతులను ఒకేసారి పట్టేస్తాయి. ఇక్కడో జాగ్రత్త: కల్చర్ మీడియంలోని పదార్థాలు పీసీఆర్‌నే ఆపేయగలవు. నమూనాలో కొంచెం పాజిటివ్ డీఎన్ఏ కలిపిన గొట్టం ఒకటి పక్కనే నడపండి. అందులోనూ బ్యాండు రాకపోతే మీ "నెగటివ్"కు విలువ లేదు. అగార్ మీద పెంచి హాఫ్‌బాయిల్ గుడ్డులాంటి కాలనీలు చూడటం అన్నిటికన్నా నమ్మకమైనదే, కానీ 28 రోజులు పడుతుంది, రోజువారీ పనికి కుదరదు.

పాజిటివ్ వస్తే ఏం చేయాలి? పారేయండి. ఆటోక్లేవ్ చేసి పారేయండి. పాత వయల్ తీయండి, దాన్నీ పరీక్షించండి. ఆ ఇంక్యుబేటర్‌లో ఉన్న ప్రతి ఫ్లాస్కునూ పరీక్షించండి. తెరిచి ఉన్న మీడియం, ట్రిప్సిన్, పీబీఎస్ సీసాలు అన్నీ పోవాలి. నీళ్ల ట్రే, అరలు, హుడ్ 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. ఒక్క ఫ్లాస్కు పారేసి ఊరుకుంటే నెలలో మళ్లీ మొదటికొస్తారు.

మళ్లీ దొరకని లైను, రోగి నుంచి తీసినది, అయితేనే చికిత్స. ప్లాస్మోసిన్ అనే మైకోప్లాస్మా మందు మిల్లీలీటరుకు 25 మైక్రోగ్రాములు, లేదా సిప్రోఫ్లాక్ససిన్ 10 మైక్రోగ్రాములు, రెండు వారాలు. వేరే ఇంక్యుబేటర్‌లో, రోజులో ఆఖరి పనిగా. తర్వాత మందు ఆపి రెండు వారాలు పెంచి మళ్లీ పరీక్ష. లొంగని రకాలు ఉన్నాయి, అప్పుడు మందు మార్చాలి. నయమైనా మిగిలిన కణాలు మునుపటి లాంటివేనన్న హామీ లేదు. ఇక ఆ కాలంలో తీసిన డేటా సంగతి గైడుతో మీరే మాట్లాడుకోవాలి. నేను మాత్రం వాడను.

ఇకమీదట కొత్తగా వచ్చిన ఏ ఫ్లాస్కయినా, అది పెద్ద రిపాజిటరీ (కణాల లైన్లు దాచి పంపే సంస్థ) నుంచి వచ్చినా సరే, పరీక్ష అయ్యేదాకా మెయిన్ ఇంక్యుబేటర్‌లోకి రాకూడదు. నెలకోసారి అన్నిటికీ పరీక్ష. ఆ ఖర్చు ఒక సీసా సీరం ధర కన్నా తక్కువే.

నెమ్మదిగా పెరిగే లైను ఉన్నట్టుండి పరుగెడుతోంది

దీన్ని ఎవరూ సమస్య అనుకోరు, కానీ సమస్యే. మీ కణాల్లో వేరేవి కలిశాయి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసిన హీలా ఎంత దూకుడైనదంటే, ఒక్క కణం పడినా కొన్ని పాసేజీల్లో ఫ్లాస్కు దానిదైపోతుంది. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ వేరువేరు లైన్లుగా పేరుపడ్డ 18 నిజానికి హీలాయేనని ఎంజైము రకంతో పట్టేశాడు. ఎండీఏ-ఎంబీ-435 అనే లైను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్‌గా చలామణి అయ్యాక, అది మెలనోమా అని తేలింది. ఎస్టీఆర్ ప్రొఫైల్ (లైనును గుర్తుపట్టే డీఎన్ఏ వేలిముద్ర) చేయించండి. ఒక హుడ్‌లో ఒకసారి ఒక లైనే తెరవండి. సందేహం వస్తే పుణెలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) లాంటి చోటి నుంచి కొత్తగా తెప్పించుకోండి.

మిగతావి

మీడియంలోని గ్లూటమిన్ అనే అమినో ఆమ్లం ద్రవంలో నిలవదు, 37 డిగ్రీల దగ్గర ఇంకా త్వరగా విరుగుతుంది, అమ్మోనియా వదులుతుంది. మీడియం సీసా పాతదైతే తాజాగా కలపండి. మీడియంను ట్యూబ్‌లైటు కింద రోజుల తరబడి ఉంచకండి, అందులోని రైబోఫ్లావిన్ విటమిన్ వెలుగులో పెరాక్సైడ్ పుట్టిస్తుంది. నీటిలో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం) అని కొందరు భయపెడతారు, మామూలు క్యాన్సర్ లైన్లకు అది చాలా అరుదు, ఆఖరున చూడండి. పళ్లెంలో కణాలు వలయాలుగా, మధ్యలో గుంపుగా పెరుగుతుంటే అది అదురు వల్ల కావచ్చు, ఇంక్యుబేటర్ ఉన్న బల్ల మీదే సెంట్రిఫ్యూజ్ ఉందేమో చూసి, దాన్ని వేరే బల్ల మీదికి మార్చండి.