కింగ్ జేమ్స్ బైబిలును తెలుగు పక్కన పెట్టి చదవడం ఎలా

చెన్నైలో ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వచ్చే తెలుగు పిల్లలతో 1611 నాటి ఈ ఆంగ్ల అనువాదాన్ని ఇలా చదివిస్తాను.

తెలుగు బైబిలు కూడా తెరిచి, రెండింటిలోనూ లూకా 22వ అధ్యాయం 31, 32 వచనాలు తీయండి. ఆంగ్లంలో మొదట 'యూ', తర్వాత 'దీ' కనిపిస్తాయి. తేడా తెలుగే చెబుతుంది: సాతాను కోరుకున్నది 'మిమ్మును', యేసు వేడుకున్నది 'నీకొరకు'. గండం శిష్యులందరికీ, ప్రార్థన పేతురు పేరున. ఇది చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. పాత ఆంగ్లంలో 'దౌ' అంటే నువ్వు, 'దీ' అంటే నిన్ను; ఇవి ఏకవచనాలే, మర్యాద తక్కువ మాటలు కావు.

తర్వాత వాలు అక్షరాలు చూడండి. మూర్ మార్కెట్‌లో కొన్న నా పాత ప్రతిలో 23వ కీర్తన మొదటి వాక్యంలో 'ఈజ్' వాలుగా ఉంటుంది. హీబ్రూలో ఆ క్రియ లేదు, మేమే చేర్చామని అనువాదకులు ఒప్పుకున్న గుర్తు అది. ఎంత నిజాయతీ! 'యెహోవా నా కాపరి' అనే తెలుగుకు ఆ చేర్పు అవసరమే పడలేదు.

అర్థం మారిన మాటలు నోటుపుస్తకంలో రాసుకోండి. మొదటి థెస్సలొనీక 4:15లో 'ప్రివెంట్' అంటే ఆపడం కాదు, ముందుగా వెళ్లడం.

ఈ అనువాదం చేసిన పండితుల బృందాల గురించి చెప్పేటప్పుడు, వారికంటే ముందే బైబిలును ఆంగ్లంలోకి అనువదించిన విలియం టిండేల్‌ను మరవకండి. కొత్త నిబంధనలో చాలా మాటలు ఆయన 1526లో అచ్చువేయించినవే. 1536లో ఆయనను చంపి, దేహాన్ని కాల్చేశారు.