ఉప్పల్‌లో ఉప్పునీళ్లు: బ్యాంబూ షార్క్‌ పెంపకం

షాపువాడు ‘షార్క్’ అనగానే మురిసిపోకండి. మన దగ్గర మంచినీళ్ల ట్యాంకుల్లో ఆ పేరుతో అమ్మే వెండిరంగు పిల్ల పంగాసియస్. కూరకని చెరువుల్లో పెంచేదే. నేను చెప్పేది పగలంతా ఇసుక మీద పొట్ట ఆనించి పడుకునే బ్యాంబూ షార్క్ గురించి. కొన్ని సొరల్లా ఆగకుండా ఈదాల్సిన పన్లేదు. నోటితో నీళ్లు లాక్కుని మొప్పల్లోంచి వదిలేస్తుంది. మనిషి జోలికి రాదు. పిల్లప్పుడున్న నల్లపట్టీలు పెరిగేకొద్దీ చెరిగిపోతాయి. అప్పటికి మూడడుగులుంటుంది.

కాబట్టి ట్యాంకుకి ఎత్తు కాదు, నేల కావాలి. నాది 8 అడుగుల పొడవు, 4 వెడల్పు, 2 ఎత్తు. నీళ్లూ అద్దమూ కలిపి బరువు రెండు టన్నుల మాట, అందుకే కింది వాటాలో పెట్టాను. మీది అపార్ట్‌మెంట్ మూడో అంతస్తైతే ఈ ముచ్చట మానుకోండి. అడుగున సన్నటి ఇసుకే వేయాలి. గరుకు రాళ్లయితే పొట్ట గీసుకుపోతుంది.

అసలు పరీక్ష నీళ్లతో. మా బోరునీళ్లు గిన్నెల మీద తెల్లగా పొరకడతాయి, అవి పనికిరావు. ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల చొప్పున అక్వేరియం సముద్రపు ఉప్పు కలపాలి. 1,500 లీటర్లకు 50 కిలోలు దాటింది. వంటింటి ఉప్పు వేయకండి. నీళ్లలో చేరే విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చేదాకా చేప మాటెత్తొద్దు. నాకు ఆరు వారాలు పట్టింది.

మే నెలలో నీళ్లు ఆవిరై తగ్గితే నేను మళ్లీ ఉప్పునీళ్లే పోశాను. పెద్ద పొరపాటు! ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. కరెంటు పోతే గాలిపంపు ఆగకుండా ఇన్వర్టర్ ఉండాలి. ఇంకోటి, చేపల తెల్లమచ్చల రోగానికి వేసే రాగి మందు సొరలకు విషం.

గుడ్డు దొరికితే దాంతోనే మొదలుపెట్టండి. వెనక టార్చి పెడితే లోపల పిల్ల మెదలడం కనిపిస్తుంది. పొదగడానికి సుమారు నాలుగు నెలలు. బయటికొచ్చాక కొన్నాళ్లు తినకపోయినా కంగారొద్దు, కడుపులో పచ్చసొన మిగులుంటుంది.

తర్వాత లైటు ఆర్పి, పచ్చి రొయ్యముక్క పట్టకారుతో మూతి ముందు ఇసుక మీద పెట్టాలి. నేను ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్ నుంచి తెచ్చి ఫ్రీజర్‌లో దాస్తాను. మా అమ్మది కాకినాడ.

‘‘సొరకి రొయ్యలా? ఆ రొయ్యలు నాకిచ్చి, దాన్ని కూడా ఇయ్యరా,’’ అంటుంది.